ఏడో నంబరు రక్తం

మూడో అంతస్తుదాకా మెట్లెక్కాలని ముందే చెప్పి ఉంటే లోగనాయకి ఈ కేసు ఒప్పుకునేది కాదేమో. ఆదివారం మధ్యాహ్నం పన్నెండుంబావు. కుడి మోకాలు రెండో అంతస్తులోనే మొరాయించింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ముప్పై ఏళ్లు క్రైం బ్రాంచిలో అరిగిపోయి, రిటైరయ్యాక ఈ తమిళ ఊళ్లోనే, సారం పేటలో జిరాక్స్ కొట్టు మీద ఒక గది తీసుకుని డిటెక్టివ్ బోర్డు తగిలించుకుంది. పెళ్లి సంబంధాల వాకబులు, అద్దెకొచ్చే వాళ్ల ఆరాలు, ఇంతే చాలనుకుంది. అలా అనుకున్న వాళ్లనే ఇలాంటి కేసులు వెతుక్కుంటూ వస్తాయి కాబోలు, ఖర్మ.

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. శుక్రవారం ఉదయం పదకొండు పదికి ఈ పరిశోధన కేంద్రంలో ప్రొఫెసర్ సీతాపతి కుర్చీలోంచి జారి కింద పడ్డాడు. అంతకు ముందు రోజునుంచే వాంతులు, కడుపు నొప్పి, కళ్లు తిరగడం ఉన్నా, తిన్నది పడలేదనుకున్నారు అందరూ. ఆసుపత్రికి చేర్చేసరికి బీపీ అందడం లేదు. పోలీసులు వచ్చి ల్యాబు వెతికితే విషాల రిజిస్టరులో సోడియం ఆర్సెనైట్, అంటే పాషాణం జాతిది, లెక్కకు రెండు వందల మిల్లీగ్రాములు తగ్గింది. ఆ సీసా చివరిసారి తీసింది ప్రీతి అనే రిసెర్చి స్కాలరు. పదీ నలభైకి ప్రొఫెసర్ చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చిందీ ఆ పిల్లే. ఇంకేం కావాలి పోలీసులకి? ఆసుపత్రిలో పాషాణానికి విరుగుడు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మద్రాసుకు పంపిన పరీక్ష రిపోర్టు మంగళవారానికి గాని రాదు. ఈలోగా మనిషి కోలుకోవలసింది పోయి గంట గంటకీ దిగజారిపోతున్నాడు.

నాలుగు గంటలకు ప్రీతిని అరెస్టు చేస్తారు. ఆ నాలుగు గంటలకే సీతాపతికి ఇంకో డోసు విరుగుడు ఎక్కిస్తారు. ఆయన ఒంట్లోకి పోయిందేమిటో ఆ లోపల తేలాలి. తేల్చిపెట్టమని లోగనాయకి కాళ్లా వేళ్లా పడింది సీతాపతి భార్య అలివేలుమంగ.

ప్రీతి ల్యాబులో ఒక స్టూలు మీద కూర్చుని ఉంది. గుమ్మం దగ్గర ఆడ కానిస్టేబులు. ఇరవై ఏడేళ్ల పిల్ల, బజారులో స్టీలు సామాన్ల కొట్టు వాళ్ల కూతురు. రెండు రోజులుగా నిద్ర లేని కళ్లు. లోగనాయకి ఇంకో స్టూలు లాక్కుని మోకాలు చాపుకుని కూర్చుంది.

"ఏందమ్మా, పొద్దన్నించి ఏమన్నా తిన్నావా?"

"బన్ను తిన్నా మేడమ్."

"సరి. అబద్ధాలు చెప్పే ఓపిక నీకూ లేదు, వినే ఓపిక నాకూ లేదు. పాషాణం యాడికి పోయింది?"

ప్రీతి చెప్పింది. బుధవారం ఒక ప్రయోగం చేసింది, రిజిస్టరులో రాసింది. అది చెడిపోయింది. గురువారం మళ్లీ చేసింది, రాయడం మరిచిపోయింది. రెండోసారి కలిపిన ద్రావణం నీలం మూత డబ్బాలో, విషపు చెత్తలోనే ఉంది, తూచుకోవచ్చు. ఈ సంగతి ఇన్‌స్పెక్టరుకు నాలుగుసార్లు చెప్పిందట. ఆయన నాలుగుసార్లూ తలాడించి, రాసుకోలేదట.

మరి గొడవ సంగతేమిటని లోగనాయకి అడిగింది. గురువారం సాయంత్రం ఐదున్నరకు ప్రొఫెసర్ మీద ఈ పిల్ల అరిచిన అరుపులు కింద సైకిల్ స్టాండుదాకా వినిపించాయని వాచ్‌మన్ చెప్పాడు.

ప్రీతి తల వంచుకుంది. తన పని ఎన్నార్ఎఫ్-1 అనే ప్రొటీన్ మీద. దాన్ని పట్టుకునే యాంటీబాడీ ఒకటి తెప్పించమంటే ప్రొఫెసర్ తెప్పించాడు. మూడు నెలలు దానితో పనిచేశాక తెలిసింది, అదే పొట్టి పేరున్న వేరే ప్రొటీన్‌ది వచ్చిందని. ఆ రెండిటికీ ఏ సంబంధమూ లేదు, పేరు తప్ప. మూడు నెలల పని మట్టిగొట్టుకుపోయింది. పైపెచ్చు తప్పు నీదేనన్నాడట ప్రొఫెసర్. అందుకే అరిచింది. మర్నాడు పొద్దున ఆయనే వచ్చి తప్పు నాదేనమ్మా అన్నాడు. ముఖం పీక్కుపోయి ఉందని ఆ పిల్ల జాలిపడి క్యాంటీన్ నుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అంతే కథ.

లోగనాయకికి ఇది వింతగా తోచలేదు. ఆవిడ వీధిలో ఒకే పేరున్న వాళ్లు ఇద్దరు ఉన్నారు, ఇనిషియల్ కూడా ఒకటే. ఒకాయనకు రావలసిన కోర్టు నోటీసు ఇంకొకాయనకు పోయి, ఆ ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. పిల్ల చెప్పింది నిజమేనని ఆవిడకు లోపల అనిపించింది. అనిపించినంత మాత్రాన ఇన్‌స్పెక్టరు పట్టాభిరామన్ వదులుతాడా?

లేచి బల్ల చుట్టూ తిరిగింది. సీతాపతి కుర్చీ, మజ్జిగ గ్లాసు పెట్టిన మూల, నీలం మూత డబ్బా. అన్నీ పోలీసులు చూసినవే. వాళ్లు చూడకుండా వదిలేసినవి కాగితాలు. ప్రీతి నోటుబుక్కులో శుక్రవారం పేజీ తీసింది. ఒక పట్టిక. ఎనిమిది వరసలు, వరసకొక నంబరు. ఏడో నంబరు వరస మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, పక్కన 'పాడైంది' అని ఇంగ్లీషులో రాసి ఉంది.

"ఇదేంది?"

మామూలు మనుషుల రక్తంలోంచి తెల్లకణాలు తీసి పోల్చి చూసుకుంటామని ప్రీతి చెప్పింది. ఎనిమిది మంది ఇచ్చారు. ఎవరిది ఏ నంబరో తనకు చెప్పరు, తెలిస్తే పని పక్షపాతంగా చేస్తామని. శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు తీసిన రక్తం. పది గంటలకల్లా కణాలు వేరుచేసి, వాటిని ఉన్నవి ఉన్నట్టు ఆపే ద్రావణంలో వేసేసింది. ప్రొఫెసర్ను ఆసుపత్రిలో చేర్చి మూడింటికి తిరిగొచ్చాక, ఏం చెయ్యాలో తోచక జీన్లు కొలిచే మిషన్‌లో పెట్టింది. ఏడు వరసలు సరిగ్గా వచ్చాయి. ఒక్క ఏడో నంబరే చెడింది. దాంట్లో ఏదో మందు పడినట్టుంది, పొరపాటున తానే కలిపానేమో అనుకుని కొట్టేసింది.

"ఏం మందు పడినట్టు?"

ఆ ప్రశ్నకు ప్రీతి మొదటిసారి తలెత్తింది. పని మాట వచ్చేసరికి ఆ పిల్ల గొంతే మారింది.

"మేడమ్, కణం లోపల అన్నదమ్ములు ఇద్దరు ఉండారు అనుకోండి. తమ్ముడు ఎన్నార్ఎఫ్-2. వాణ్ణి ఒక కాపలా ప్రొటీన్ పట్టుకొని ఉంటాది. తయారైనోణ్ణి తయారైనట్టే చెత్తలోకి పంపిస్తా ఉంటాది. పాషాణం లాంటిది లోపలికొస్తే కాపలా పట్టు జారిపోతాది. వాడు న్యూక్లియస్‌లోకి పరిగెత్తి, విషం తట్టుకునే జీన్లన్నిటికీ స్విచ్చేస్తాడు. దాంట్లో హీమ్ ఆక్సిజినేజ్ అని ఒకటి ఉండాది. పాషాణం పడిందంటే అది ముప్పై నలభై రెట్లు లేస్తాది."

"అన్న?"

"అన్న ఎన్నార్ఎఫ్-1. వాడు ఇంకోచోట ఒక పొరకి అతుక్కొని ఉంటాడు. కణంలో పాత ప్రొటీన్లని పిండి కొట్టే మిషన్ ఒకటి ఉండాది, ప్రోటియాసోమ్ అంటారు. ఆ మిషన్ని ఎవురన్నా అడ్డుకుంటే వాణ్ణి ఆ పొర మీంచి కోసి విడిపిస్తారు. వాడు పోయి కొత్త మిషన్లు చెయ్యండని ఆర్డరేస్తాడు. ఇద్దరూ కొట్టే తలుపు ఒకటే రకం. అందుకే జనం తికమక పడతారు. యాడ ఏ జీన్లు లేచినాయో చూస్తే గాని ఎవురు లేచినారో తెలీదు."

"ఏడో నంబరులో ఎవురు లేచినారు?"

"తమ్ముడు కొంచెం కదిలినాడు, అంతే. రెండు రెట్లు. మిషన్ జీన్లు మాత్రం అన్నీ లేచినాయి, వరసగా. అన్నే మేడమ్. సందేహం లేదు."

లోగనాయకి నోటుబుక్కు మూసి చంకన పెట్టుకుంది. తొమ్మిదిన్నర రక్తం. పదీ నలభై మజ్జిగ. ఒళ్లంతా అలసట ఉన్నా, ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకునేసరికి ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. నంబర్ల జాబితా ఎవరి దగ్గర ఉంటుందని అడిగింది. ల్యాబు మేనేజరు రఘునాథన్ దగ్గరట.

రఘునాథన్ అన్నం క్యారియరు ముందు కూర్చుని ఉన్నాడు. జాబితా ఇవ్వకూడదని, కమిటీ అనుమతి కావాలని నసిగాడు. అన్నం తింటూ నసిగే మనిషిని ఒప్పించడం లోగనాయకికి పాత విద్య. ఆయన ఎదురుగా కూర్చుని, ఆదివారం కూడా డ్యూటీ వేశారా పాపం అంది. వెయ్యలేదట, పోలీసులు పిలిపించారట. అయితే త్వరగా చూపించేస్తే త్వరగా ఇంటికి పోవచ్చు కదా అంది. ఆయన చెయ్యి కడుక్కుని బీరువా తాళం తీశాడు. సీలు వేసిన కవరు మీద గురువారం తేదీ, కమిటీ వాళ్ల సంతకం ఉన్నాయి. కవరు ఆయన చేతే చింపించింది.

ఏడో నంబరు: సీతాపతి.

పక్క గదిలో ఉన్న పట్టాభిరామన్‌ను అక్కడికే పిలిపించింది. ఆయన ఇన్‌స్పెక్టరు. పదిహేనేళ్ల కిందట లోగనాయకి కింద ప్రొబేషనులో చేరి, కేసు డైరీ ఎలా రాయాలో ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. తరవాత పరీక్షలు రాసి ఆవిడను దాటి పైకి పోయాడు. జనం ముందు తమిళంలో మేడమ్ అంటాడు, ఎవరూ లేకపోతే ఇంటి తెలుగులో అక్కా అంటాడు. ఇద్దరివీ రెడ్డిపాళెం వైపు నుంచి ఏనాడో వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే. ఆయన మొహం చూస్తే ఆయనా నిద్రపోయినట్టు లేదు.

లోగనాయకి చెప్పిందంతా చేతులు కట్టుకుని విన్నాడు.

"అక్కా, టెస్టు చేసింది ఎవురు? ముద్దాయి. ముద్దాయి చేసిన టెస్టు తెచ్చి ముద్దాయి తప్పు చెయ్యలేదంటే జడ్జి నవ్వతాడు."

"ఎవురి రక్తమో ఆ పిల్లకి తెలీదు పట్టాభీ. కవరు ఇప్పుడే చింపినాము, నీ ముందర సీలు ఉండాది చూడు. తనని కాపాడే కాయితాన్ని ఎవురన్నా పాడైందని కొట్టేస్తారా? మిగిలిన రక్తం ఫ్రీజరులో ఉండాది. ఇంకొకరి చేత చేయించు."

"అది అయ్యేలోగా మా ఎస్పీ నన్ను సస్పెండు చేస్తాడు."

"నీ ఎస్పీ సంగతి తరవాత. ఆయనకి ఎక్కిస్తా ఉండే విరుగుడు తప్పు విరుగుడు. దానికి సమాధానం నువ్వు చెప్తావా?"

పట్టాభిరామన్ చేతుల కట్టు విప్పి, కవరు మీది సీలు తిప్పి చూశాడు. ఆ మాట తగిలింది, కాని ఒప్పుకోడానికి ఆయనకు మనసొప్పలేదు. మిషన్ని అడ్డుకునే మందు మాత్రం ఈ ల్యాబులో లేదా అని ఎదురడిగాడు. మంచి ప్రశ్నే. ఆవిడ నేర్పిన ప్రశ్నే. రఘునాథన్ ఫ్రీజరు తెరిచి చూపించాడు. ఆ మందు గాజు గొట్టాలు ఐదు వచ్చాయి, ఐదూ సీలు తియ్యకుండా ఉన్నాయి. పాతవి జూన్‌లోనే అయిపోయాయి.

ఇలాంటి మందు బయట ఎక్కడ దొరుకుతుందని లోగనాయకి ప్రీతిని అడిగింది. ఎముకల మజ్జకు వచ్చే ఒక రకం క్యాన్సరుకు ఇలాంటివే వాడతారని, ఇంజెక్షన్లూ ఉన్నాయి, మింగే క్యాప్సూళ్లూ ఉన్నాయని చెప్పింది. పెద్ద ఆసుపత్రి ఫార్మసీలో తప్ప దొరకవట.

ఐసీయూ డాక్టరు సుధకు ఫోను చేసింది. ఆ డాక్టరమ్మ విసుక్కోకుండా విన్నది. ప్లేట్‌లెట్లు ఎందుకు పడిపోతున్నాయో తనకూ అంతు పట్టడం లేదంది. కాని ఊహ మీద వైద్యం మార్చలేననీ, మందు పేరు చెప్పండి, పేరు తెలిస్తే ఆ క్షణమే ఇంజెక్షన్ ఆపేస్తాననీ అంది.

"నాలుగు దాకా ఆగతా," అన్నాడు పట్టాభిరామన్. "నువ్వు పేరు తే. నేను ఎటూ సీతాపతి ఇంటికి రావాల్సిందే, ఆయన భార్య స్టేట్‌మెంటు రాసుకోవాలి."

సీతాపతి ఇల్లు సారంలోనే, లోగనాయకి ఆఫీసుకు రెండు వీధుల అవతల. ఆటో దిగేసరికి రెండూ యాభై. అలివేలుమంగ ఆసుపత్రి నుంచి బట్టలు మార్చుకోవడానికి వచ్చి, మార్చుకోకుండానే సోఫా అంచున కూర్చుని ఉంది. అరవైకి దగ్గర మనిషి. రాజమహేంద్రవరం ఆడపడుచు. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఈ ఊరికి కోడలిగా వచ్చినా మాట మాత్రం గోదావరి మాటే. కాఫీ కలపబోతే లోగనాయకి వద్దంది.

"మంగమ్మా, ఆయన బుధవారం పొద్దన్నించి ఏమేం నోట్లో వేసుకున్నాడో వరసగా చెప్పు. నీళ్లతో సహా."

ఆవిడ చెప్పింది. ఇడ్లీ, కాఫీ, మధ్యాహ్నం సాంబారన్నం, రాత్రి చపాతీ. గురువారం ఉప్మా, సగం వదిలేశాడు. స్టెంటు వేసిన దగ్గర్నుంచీ వాడే మాత్రలు మూడు. పొద్దున్నే రెండు యాంటీఆక్సిడెంట్ క్యాప్సూళ్లు, అవి ఆయనే కొనుక్కుంటాడు.

లోగనాయకి మందుల అలమర తెరిచింది. స్టెంటు మాత్రలు అట్టలతో సహా లెక్కకు సరిపోయాయి. యాంటీఆక్సిడెంట్ సీసా ఖాళీ. దాని మూత మీద నల్ల మార్కరుతో సన్నగా రాసి ఉంది: ఆగస్టు 4. ల్యాబులో ఏ సీసా తెరిచినా ఆ తేదీ మూత మీద రాయడం వాళ్లకు అలవాటు. ప్రీతి బల్ల మీద ఉప్పు డబ్బాకు కూడా తేదీ ఉంది. సీతాపతి ఆ అలవాటు ఇంటికి తెచ్చుకున్నాడు.

సీసాలో అరవై. రోజుకు రెండు. ముప్పై రోజులు. లోగనాయకి వేళ్లు మడిచింది. సెప్టెంబరు రెండు, మంగళవారంతో సరి.

"కొత్త సీసా వచ్చిందా?"

"లేదండీ. రేపు వస్తుందని ఫోన్లో మెసేజీ ఉంది."

"మరి బుధవారం పొద్దన ఏం మింగినాడు? మింగినాడనే కదా నువ్వు చెప్పింది."

"మింగారండీ. నేను వంటింట్లోంచి చూశాను. నీళ్లు కూడా నేనే..."

అక్కడ ఆగిపోయింది. లోగనాయకి ఎన్నో మొహాలు చూసింది. అబద్ధం పట్టుబడినప్పటి మొహం వేరు, నిజం తట్టినప్పటి మొహం వేరు. ఇది రెండోది. కాని ఈ మనిషి తన క్లయింటు. నిన్న పొద్దున తన ఆఫీసులో కూర్చుని, నా మొగుడికి ఇది చేసినవాళ్లెవరో కనిపెట్టండని ఏడ్చిన మనిషి.

అలివేలుమంగ లేచి, అలమర పై అరలో పాత సీసాల వెనక చెయ్యి పెట్టి వెతికింది. సీసా వెనక లేదు, ముందుకు వచ్చి ఉంది. అదే కంపెనీ యాంటీఆక్సిడెంట్ సీసా, పాతది. మీద తెల్ల కాగితం అంటించి తెలుగులో ఏదో రాసి ఉంది. మూత తీసి అరచేతిలో వంపుకుంది. ఒకే ఒక్క క్యాప్సూలు పడింది.

"ఏడు ఉండాలండీ," అంది. "తొమ్మిది ఇచ్చారు. నేను రెండే వేసుకున్నాను. ఏడుండాలి."

లోగనాయకి సీసా తీసుకుని కాగితం వైపు చూసింది. పుట్టినప్పటినుంచీ మాట్లాడేది తెలుగే, అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. ఆవిడ చదువంతా తమిళంలో, ఇంగ్లీషులో అయింది. సీతాపతీ అంతే. ఈ ఊళ్లో తెలుగువాళ్ల ఇళ్లన్నిటా అంతే.

"చదవమ్మా."

"ఆదివారం ఒకటి మాత్రమే. అంతేనండీ."

తరవాత ఆవిడ ఆపకుండా చెప్పుకుపోయింది, ఎక్కడా గొంతు పెంచకుండా. రెండు నెలల కిందట చెల్లెలింటికని చెప్పి మద్రాసు వెళ్లి పరీక్షలు చేయించుకుంది. మజ్జ క్యాన్సరు. ఆయనకు స్టెంటు వేసి ఏడాది కాలేదు, ఎలా చెబుతుంది? వారానికొక క్యాప్సూలు. అట్టపెట్టె ఇంట్లో ఉంటే ఆయన పేరు చదివి క్షణంలో పట్టేస్తాడు, చదువు అదే కదా. అందుకే అట్టలు చించి అవతల పారేసి, ఆయన పాత సీసాలో పోసి, ఈ ఇంట్లో ఇంకెవరికీ చదవడం రాని తెలుగులో రాసి పెట్టుకుంది. బుధవారం పొద్దున ఏడున్నరకు ఆయన ఆ సీసా వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నాడు.

"మంగా, దీని మీద ఏంది రాసినావు అన్నారండీ. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మీవే, కొత్తరకం తెప్పించాను అనేశాను. ఆయన సంతోషపడ్డారు. నా కోసం రాసి పెట్టినావా అన్నారు. తరవాత తీసి వేరే చోట పెడదామనుకున్నాను. ఈ మందు వేసుకున్నాక ఏదీ గుర్తుండట్లేదు. ఆయన సీసాలో ఇంకా ఉన్నాయనే అనుకున్నాను."

బుధవారం రెండు, గురువారం రెండు, శుక్రవారం రెండు. ఆరు.

"శుక్రవారమైనా అనుమానం రాలేదా నీకు?"

"పాషాణం అన్నారు కదండీ పోలీసులు. పాషాణం అంటే ఇంక నా మందెందుకు గుర్తొస్తుంది?"

లోగనాయకి ఫోను తీసింది. మందు పేరు అడిగి, ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని డాక్టర్ సుధకు చదివింది. మూడూ ఇరవై ఐదు. అవతలినుంచి డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది, ఎన్ని, ఎన్ని రోజుల్లో అని. నాలుగు గంటల ఇంజెక్షన్ ఆపించేస్తున్నానంది. దీనికి విరుగుడంటూ ఏదీ లేదనీ, అయినా ఇప్పుడు ప్లేట్‌లెట్లు ఎక్కిస్తూ, కిడ్నీలు కాపాడుకుంటూ పోవచ్చనీ, ఈ రాత్రి గడిస్తే ఆశ ఉందనీ అంది. లోగనాయకి ఫోను పెట్టేసి గోడకు ఆనుకుంది. మనిషి బతికితే బతుకుతాడు. ప్రీతి బయటపడింది. ఇక ఇంటికి పోయి మోకాలికి కాపడం పెట్టుకోవాలనిపించింది.

అప్పుడు చూసింది, గుమ్మంలో పట్టాభిరామన్ ఉన్నాడు. చెప్పులు విడిచి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంతవరకు విన్నాడో తెలియదు. ఆయన లోపలికి వచ్చి సీసాను రుమాలుతో పట్టుకుని తిప్పి చూశాడు.

"దీని మీద ఆదివారం ఒకటి అని రాసుండాదని ఆయమ్మ చెప్తే మనం వినాల్సిందే కదక్కా. నీకూ రాదు, నాకూ రాదు."

"ఫోటో తీసి పంపు, నిమిషంలో చదివి చెప్తారు. అది రాసుండాదో లేదో కాదు ఇప్పుడు."

"నేనూ అదే అంటా ఉండా. రాసింది ఏమైనా కానీ, అడిగినప్పుడు నోటితో చెప్పింది వేరే. మీవే అని చెప్పింది." అలివేలుమంగ వైపు తిరిగాడు. గొంతు మర్యాదగానే ఉంది. "అమ్మా, ఒకే ప్రశ్న. ఈ మందు రోజూ వేసుకుంటే ఏమౌతాదో మీకు ముందే తెలుసా?"

లోగనాయకి గోడ వదిలి ముందుకు వచ్చింది. ఆ ప్రశ్న అలా, మెత్తగా, చివరన ఒక్కటే అడగాలని అతనికి నేర్పింది తనే. తెలియదంటే పొరపాటు. తెలుసంటే కేసు.

"మంగమ్మా, దానికి జవాబు చెప్పొద్దు. వకీలు రానీ."

అలివేలుమంగ ఆ మాట విన్నట్టే లేదు. అరచేతిలో ఉన్న ఒక్క క్యాప్సూలు వైపు చూస్తోంది. ఇవాళ ఆదివారం, ఆవిడ వేసుకోవలసిన రోజు.

"తెలుసండీ," అంది. "వరసగా వేసుకుంటే మనిషి బతకడని మద్రాసు డాక్టరు నాకు రెండుసార్లు చెప్పాడు. ఆయన సీసా ఎత్తి చూపించినప్పుడు కూడా తెలుసు. తెలిసే మీవే అన్నాను."

పట్టాభిరామన్ జేబులోంచి పెన్ను తీశాడు.